తప్పుకొక దెబ్బ

పోయినవారం మనం పట్టమ్మాళ్‌ను విరుదునగర్ స్టేషన్ బయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఒంటెద్దు బండి పక్కన వదిలిపెట్టి వచ్చాం. బండిలో గడ్డి పరుపు మీద ఆమె తండ్రి దామోదరసామి పడుకుని ఉన్నాడు. కోవిల్‌పట్టి బడిలో పందొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి. మాఘమాసంలో ఒకరోజు పాఠం మధ్యలో అలాగే బల్ల మీదికి ఒరిగిపోయాడు. కుడిపక్క మొత్తం చచ్చుబడింది, మాట పడిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది. పరామర్శకు వచ్చిన తమ్ముడు తిరుపతిసామి, అన్న పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసుకుని చంకన పెట్టుకుపోయాడు. చెదలు పట్టకుండా తన దగ్గర ఉంచుతానన్నాడు. మూడు నెలలకు ఇప్పుడు అన్ననూ అన్న కూతుర్నీ విరుదునగర్ రమ్మని కబురు పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. తిరుపతిసామి మంచికి కబురు పెట్టిన సందర్భం ఈ కథలో ఇంతవరకూ ఒక్కటీ లేదు కాబట్టి, చదివేవాళ్ళు ఈపాటికి ఊహించే ఉంటారు.

తిరుపతిసామిది దూది మండీ. ముందరి భాగంలో మూటలు, వెనక ఇల్లు, మధ్యలో పెద్ద హాలు. మనుషులు దామోదరసామిని మంచం మీదికి మార్చి హాల్లోకి మోసుకొచ్చి దించారు. కత్తిరి ఎండల రోజులు, గోడలు కూడా పొయ్యి మీది పెనంలా కాలుతున్నాయి. తిరుపతిసామి భార్య సీనియమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఇవ్వమని భర్త చెప్పలేదు కాబట్టి ఇవ్వలేదు.

"రా పాపా, కూర్చో. ఎండన పడి వచ్చినావు. అన్న ముకం ఎట్లా వాడిపోయిందో చూడు," అన్నాడు తిరుపతిసామి. కడుపులో కత్తెర, నాలుక మీద బెల్లం. ఆ బెల్లం రుచి పట్టమ్మాళ్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు.

"నాయనకు గంటకొకసారి నోరు తడపమన్నాడు వయిద్దుడు. రైల్లో చెంబు ఒలికిపోయింది. ముందు నీళ్ళు ఇప్పించండి చిన్నాయనా."

"ఇస్తాం, ఇస్తాం. దానికి ముందు చిన్న పని ఉండాది."

ఆ పనేమిటో ముత్తుసామి బల్ల మీద పెట్టాడు. తిరుపతిసామి కొడుకు అతను. రెండుసార్లు తప్పి మూడోసారికి బి.ఏ. గట్టెక్కినవాడు. సన్నటి కళ్ళజోడు, సన్నటి గొంతు, నోట్లో వేలు పెడితే కొరకలేడనిపించే ముఖం. ఆరేళ్ళు దామోదరసామి దగ్గరే చదువుకున్నాడు. బల్ల మీద ఒక పక్కన దామోదరసామి నోటుబుక్కు. ఇంకో పక్కన అచ్చాఫీసు నుంచి వచ్చిన ఒకే ఒక కాగితం, సిరా వాసన ఇంకా పోలేదు. కొత్త పుస్తకానికి ముఖపత్రం. రాత ఒకటి, పలుకు ఒకటిగా ఉండే ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, ఉచ్చారణలు అని పైన. కింద, గ్రంథకర్త టి. ముత్తుసామి, బి.ఏ. అని.

పట్టమ్మాళ్ ఆ పేరును రెండుసార్లు చదివింది.

"ఇది మా నాయన రాసింది గదా చిన్నాయనా."

"అన్నే రాసినాడు. కాదని ఎవరన్నారు. కొత్త హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే పెద్ద వాత్తియార్ ఉద్యోగం ఉండాది. అచ్చులో పుస్తగం ఉన్నోడికి తాన్, వాడికే ఇస్తామని కమిటీవాళ్ళు చెప్పేసినారు. అన్న ఇంక పళ్ళికూడం పోయి పాటం చెప్పేది లేదు. పుస్తగం పెట్టెలో చెదలకు పోతే ఎవరికి లాబం. విత్తనం జల్లినోడిదా పాపా పంట? పొలం ఉన్నోడిది."

"ఆ మాట మీ పొలంలో జల్లేవాళ్ళను అడగండి."

తిరుపతిసామి నవ్వాడు. కోపం వస్తే నవ్వడం అతని అలవాటు.

ఇంత పెద్ద దొంగకు ఈ అమ్మాయితో పనేమిటని అడుగుతారా? అక్కడే ఉంది తమాషా. ఇంగ్లీషువాడు రాసేది ఒకటి, పలికేది ఒకటి. రాతలో పది అక్షరాలుంటే నోట్లో నాలుగే ఉంటాయి. ఏ మాట ఎలా మోసం చేస్తుందో దామోదరసామి పందొమ్మిదేళ్ళు ఒక్కొక్కటే పోగుచేశాడు. మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, అర్థం తమిళంలో రాశాడు, పలికే తీరు మాత్రం తెలుగు అక్షరాల్లో రాశాడు. తమిళ రాతలో కకూ గకూ ఒకటే అక్షరం, పకూ బకూ ఒకటే. అందులో రాస్తే మేక అనే గోటుకూ తొడుక్కునే కోటుకూ తేడా ఉండదని అతని బాధ.

ఆ తెలుగు అక్షరాలు వాళ్ళ అవ్వ బొమ్మక్క దగ్గర నేర్చుకున్నవి. నల్లరేగడి మట్టిని ఎండబెట్టి, నలిపి, పళ్ళెంలో పోసి మనవళ్ళిద్దరి వేళ్ళూ పట్టుకుని దిద్దించింది ముసలమ్మ. పెద్దవాడు దిద్దాడు. చిన్నవాడు పళ్ళెం తన్నేసి ఎద్దుల వెనక పరిగెత్తాడు. ఇంట్లో తెలుగు, పెళ్ళిళ్ళలో తెలుగు, తిట్టుకున్నా తెలుగే. ఉత్తరం రాయాల్సి వస్తే మాత్రం తమిళం. అక్షరం వాళ్ళ బంధువర్గంలో ఎవరికీ లేదు. తిరుపతిసామి సాత్తూరులో అడిగాడు, కోవిల్‌పట్టి చుట్టూ ఊళ్ళలో అడిగాడు. మన బాసేగాని మన అక్షరం మాకు రాదప్పా అని అందరూ చేతులెత్తేశారు. మద్రాసు నుంచి వచ్చే వర్తకుడెవరికైనా చూపిస్తే గడగడా చదివేవాడే, కానీ బయటివాడి నోటికి గుట్టు అప్పజెప్పే రకం కాదు ఇతను. ఉగ్గుపాలతో వచ్చిన భాషలో ఉన్న పుస్తకాన్ని ఎత్తుకొచ్చి, చదవలేక మూడు నెలలు జుట్టు పీక్కున్న దొంగ లోకంలో ఇతనొక్కడే అయ్యుంటాడు.

దామోదరసామి తన తర్వాత ఆ అక్షరాలు నేర్పింది ఒక్క పట్టమ్మాళ్‌కే.

"నువ్వు చదువు. మన ముత్తుసామి తంబి తమిళంలో రాసుకుంటాడు, ఆ తేడాలకు ఏదో చుక్కలు పెడతాడంట. అంతే తాన్," అన్నాడు తిరుపతిసామి.

"చదవను."

"సరి. కోవిల్‌పట్టి ఇల్లు నా పేర ఉండాది. మంచం ఎత్తి వీదిలో పెట్టడానికి నలుగురు మనుసులు చాలు. ఈ ఎండలో అన్న ఎంతసేపు తట్టుకుంటాడో నాకు తెలీదు, నీకు తెలుసా?"

పట్టమ్మాళ్ తండ్రి వైపు చూసింది. అతను కప్పు వైపు చూస్తున్నాడు. పెదాలు ఎండి పొట్టు లేచాయి. సరే, చదువుతాను అంది. కుక్కిన పేనులా అంత త్వరగా ఒప్పుకుందేమని తిరుపతిసామి అనుకోలేదు, సంతోషపడ్డాడు. ఆమె మనసులో అప్పటికే ఒక ఎత్తు తయారైంది. ఇంగ్లీషు ముత్తుసామికి అరకొర, తెలుగు అక్షరం తండ్రీకొడుకులిద్దరికీ సున్నా. ఉన్నది ఉన్నట్టు చదవాలని ఎక్కడుంది? పుస్తకం నిండా తప్పులు అచ్చుపడితే హైస్కూలు వాళ్ళే నవ్వి తరిమేస్తారు.

ముత్తుసామి కలం సిరాలో ముంచి ఆగాడు. "నాయనా, ఒక్క మాట. వాత్తియార్ పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. తప్పు పలికితే బల్లను కొట్టేవాడు, ఒక్క దెబ్బ. తప్పు చెవిన పడితే ఆయన చెయ్యి ఆగదు. ఆయన చేతిని ఆ మంచం పట్టె మీద పెట్టండి."

తిరుపతిసామికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక కొడుకును అతను చూసిన చూపు, పుట్టినప్పుడు కూడా చూసి ఉండడు. లేచి తనే అన్న ఎడమ చేతిని మంచం పట్టె మీద పెట్టాడు, ప్రేమగా.

"ఒక్కొక్క పేజీకి ఒక గుక్క నీళ్ళు పాపా. అన్న చెయ్యి లేచిందంటే నువ్వు తప్పు చదివినట్టు. తప్పు ఉన్న పేజీకి నీళ్ళు లేవు. ఇరవై పేజీలు ఉండాయి."

సీనియమ్మాళ్ చెంబు కిటికీ గట్టు మీద పెట్టి, గ్లాసు బోర్లించి, పక్కన కూర్చుంది.

మొదటి వరసలో సైన్యంలో పెద్ద అధికారి, గింజలోని పప్పు. రెండూ రాతలో ఎక్కడా కలవవు, నోట్లో మాత్రం ఒకటే, కర్నల్. ఈ మాట పట్టమ్మాళ్‌కు పుట్టుమచ్చలా తెలుసు. ఆమె ఏడేళ్ళప్పుడు కోవిల్‌పట్టి స్టేషన్లో ఆగిన రైలు మొదటి తరగతి కిటికీ దగ్గర నాన్న చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు, దొరా, ఈ మాట ఎలా పలకాలి అని. లోపలి తెల్ల అధికారి బిచ్చగాడనుకుని ఒక కానీ బిళ్ళ విసిరాడు. నాన్న ఆ బిళ్ళ తీసి తిరిగి కిటికీలో పెట్టి మళ్ళీ అడిగాడు. దొర తన భార్యను పిలిచి, ఈ నల్లవాడి నోట్లో ఆ మాట విను అని, కొలొనెల్ కొలొనెల్ అని నాన్న చేత మూడుసార్లు అనిపించి, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకుని, రైలు కదిలాక చెప్పాడు. నాన్న ఆ పూట తల వంచుకుని కాదు, బెల్లం కొనుక్కుని ఇంటికొచ్చాడు. మాట దొరికింది కదా.

పట్టమ్మాళ్ గొంతు సవరించుకుని చదివింది. "కొలొనె..."

మాట పూర్తి కాలేదు. మంచం పట్టె ఠక్కుమంది.

ముత్తుసామి కలం ఎత్తాడు. తిరుపతిసామి అయ్యో పాపం అన్నట్టు తల ఊపాడు. సీనియమ్మాళ్ గ్లాసు ముట్టుకోలేదు.

"సరిగ్గా చదువు పాపా."

"కర్నల్," అంది. మంచం పలకలేదు.

రెండో పేజీలో బృందగానం చేసేవాళ్ళకూ ఇరవైనాలుగు కాగితాల దస్తాకూ ఒకటే పలుకు, క్వయర్. ఆమె ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చొయిర్ అనబోయింది. చొ దగ్గరే దెబ్బ పడింది. మూడో పేజీలో తిండి సామానుకు విటిల్స్ అనాల్సింది, విక్టువల్స్ అంది. మళ్ళీ ఠక్కు. మూడు పేజీలు, మూడు దెబ్బలు, చుక్క నీళ్ళు లేవు. దామోదరసామి నాలుక బయటికి వచ్చి పెదవిని తడుముకుని, తడి లేక లోపలికి పోయింది.

పట్టమ్మాళ్‌కు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. నీ కోసం కదా నాన్నా నేను అబద్ధమాడుతోంది అని అరవాలనిపించింది. ఈయన అంతే, ఎప్పుడూ అంతే. అమ్మ జ్వరంతో మూలుగుతుంటే ఈయన తూత్తుకుడి రేవుకు పోయాడు, ఓడ ఆగే గట్టును ఇంగ్లీషులో ఏమని పలుకుతారో కనుక్కోవడానికి. తిరిగి వచ్చేసరికి అమ్మ మాట్లాడే స్థితిలో లేదు. ఈ పుస్తకం మా ఇంటికి సవతి అని అమ్మ మాట పడిపోకముందు అనేది. ఇప్పుడు ఆ సవతిని కాపాడటానికి కూతురు తంటాలు పడుతుంటే, ఆయన చెయ్యి దాన్ని ముక్కలు కాకుండా దొంగల చేతికి అందిస్తోంది. ఆ చేతిని నరికేస్తే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.

నాలుగో పేజీ నుంచి ఉన్నది ఉన్నట్టు చదివింది. వేరే దారి లేదు. సేనాదళం అంటే కోర్, శవం అంటే కార్ప్స్. చెరసాల ఎలా రాసినా జెయిలే. నేరం మోపడమూ గ్రంథం రచించడమూ రెండూ ఇండైట్. గాలి విసురుకు డ్రాఫ్ట్, వానలు లేకపోతే డ్రౌట్.

"డ్రౌటు అంటే కరువా?" అన్నాడు తిరుపతిసామి విసనకర్ర ఊపుకుంటూ. "దానికి ఇంగ్లీసు మాట తెలీకనే ఇన్నేండ్లూ చూసినామే."

పేజీకొక గుక్క చొప్పున సీనియమ్మాళ్ దామోదరసామి నోట్లో నీళ్ళు పోసింది. లెక్క తప్పకుండా గుక్కే పోసింది, సగం చెంపమీదికి కారినా మళ్ళీ పోయలేదు. ముత్తుసామి కలం సాఫీగా సాగుతోంది. నాన్న ముఖంలో పట్టమ్మాళ్‌కు ఒక వింత కనబడింది. ఎవరో తన పుస్తకాన్ని పైకి చదువుతుంటే ఆయన వింటున్నాడు. పందొమ్మిదేళ్ళలో అది ఎప్పుడూ జరగలేదు. తప్పు లేకుండా వరసగా వినబడుతున్న ఆ మాటలకు ఆయన కళ్ళు నిండాయి. పదో పేజీ దాకా అలా సాగింది.

పదకొండో పేజీలో మొదటి వరస ఓడ ఆగే గట్టు, తాళంచెవి. తూత్తుకుడిలో ఓడ గుమాస్తా ఒకడు నాన్న చేత రేవు ఆ చివరిదాకా పెట్టె మోయించుకుని, చివర్లో పోనీ పాపమని చెప్పిన మాట ఇది. అమ్మ ఖర్మకు ముడిపడిన మాట.

"కీ," అంది.

ముత్తుసామి రాయబోయాడు. ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు అయింది. అప్పుడు మంచం పట్టె ఠక్కుమంది.

పట్టమ్మాళ్ తలెత్తి చూసింది. తను తప్పు చదవలేదు. అక్షరాలు మళ్ళీ చూసుకుంది. కకారం, గుడిదీర్ఘం, ఇంకేమీ లేదు. దామోదరసామి కప్పు వైపు చూడటం మానేసి కూతురి వైపు చూస్తున్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు లేవు. బడిలో ఒక పిల్లవాడు అర్థం చేసుకునేదాకా ఆయన ఓపికగా నిలబడి చూసే చూపు అది.

"తప్పంట అక్కా," అన్నాడు ముత్తుసామి.

"అవును. కన్ను చెదిరింది," అంది పట్టమ్మాళ్. "క్వే."

మంచం పలకలేదు.

ఆమెకు అర్థమైంది. అమ్మను పణం పెట్టి తెచ్చుకున్న మాటను, ఆయన తన చేత్తోనే తీసి తొక్కేశాడు. చెడగొట్టడానికి ఎంచుకున్న మొదటి మాట అదే. ముందు మూడు పేజీల్లో ఆయన చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. ఆ తర్వాత ఏడు పేజీలు పడుకుని ఆలోచించుకున్నాడు. ఇప్పుడు నిర్ణయించుకున్నాడు.

ఆ తర్వాత తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి ఆ పుస్తకాన్ని చంపారు. సమాధిని టూమ్ అంటే దెబ్బ, టోంబ్ అంటే మౌనం. విలాసపు పడవను యాట్ అంటే దెబ్బ, యాచ్ట్ అంటే మౌనం. కఫాన్ని ఫ్లెమ్ అంటే దెబ్బ, ఫ్లెగ్మ్ అంటే మౌనం. సూక్ష్మమైనదాన్ని సటిల్ అని ఆమె అనడం, ఆయన కొట్టడం, సబ్‌టిల్ అని దిద్దుకోవడం. ఒక్క దెబ్బకే పేజీ నీళ్ళు పోతాయి కాబట్టి, ఎలాగూ పోయాయి కదా అని ఆయన ఒక్కొక్క పేజీలో నాలుగైదు మాటలు ఏరి మరీ కొట్టాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఒక్క పేజీని కూడా తన గొంతు తడుపుకోవడానికి వదిలిపెట్టలేదు. పదహారో పేజీకి పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"ఈరోజుకు చాలు చిన్నాయనా, తక్కినవి రేపు చదువుతాను," అంది పట్టమ్మాళ్.

"నాలుగు పేజీలు తాన్ మిగిలినాయి. నువ్వు జాగర్తగా చదివితే అన్నకు ఈ బాద ఉండదు గదా. అన్నీ నీ చేతిలోనే ఉండాయి."

దామోదరసామి చెయ్యి మంచం పట్టె మీద నుంచి కదల్లేదు. కానివ్వు అన్నట్టు కూతురి వైపు చూశాడు. ఆమె కానిచ్చింది. ఇరవయ్యో పేజీ అయ్యేటప్పటికి సాయంత్రమైంది. ఆమె గొంతు బొంగురుపోయింది. ఆయన చెయ్యి పట్టె మీద నుంచి జారి కిందికి వేలాడింది.

"ఇప్పుడు పొయ్యండి," అన్నాడు తిరుపతిసామి. సీనియమ్మాళ్ గ్లాసు నిండా పోసింది. దామోదరసామి మింగలేకపోయాడు. పట్టమ్మాళ్ కొంగు తడిపి చుక్క చుక్కగా పిండింది.

తిరుపతిసామి నోటుబుక్కు తీసుకుని వంటింటి గుమ్మంలో ఉన్న పొయ్యి దగ్గరికి నడిచాడు. అన్నం కుండ కింద పుల్లలు మండుతున్నాయి. మొదటి కాగితం చింపి మంటలో పెట్టాడు. "ఇంక దీంతో పనేముండాది. ఇద్దరి చేతిరాత ఒక ఇంట్లో ఉండకూడదు, తగువు."

పట్టమ్మాళ్ అరవలేదు, అడ్డుపోలేదు. మనసులో నవ్వుకుంది కూడా. కాల్చుకో, దొంగా. నీ కొడుకు చంకలో ఉన్నది వట్టి తప్పుల తడక. హైస్కూలు కమిటీలో ఒక్క చదువుకున్నవాడు చాలు, ముత్తుసామి బి.ఏ. ఊరంతా నవ్వులపాలు. నాన్న కూడా ప్రశాంతంగానే కాగితాలు మండటం చూస్తున్నాడు. నోటుబుక్కు అట్ట కాస్త మొండికేసి, ముడుచుకుని, చివరికి అదీ అంటుకుంది. తిరుపతిసామి పుల్లతో బూడిదను కలియబెట్టి చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు ముత్తుసామి తను రాసిన కాగితాల మీద సిరా ఆరడానికి ఇసక చల్లి, దులిపి, ఒద్దికగా తెచ్చి గురువు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"వాత్తియార్‌కు పెద్ద దండం," అన్నాడు. "ఓడల గట్టు కీ తాన్. నాకు ఆ ఒక్కటి ముందే తెలుసు. ఆరో క్లాసులో మీరే నేర్పినారు."

పట్టమ్మాళ్ చేతిలోని తడి కొంగు జారిపోయింది.

"అదేందిరా?" అన్నాడు తిరుపతిసామి.

"కీ అంటే వాత్తియార్ కొట్టినాడు నాయనా. సరిగ్గా చెప్పినదానికి కొట్టినాడు. అప్పుడు గమనించినాను. తప్పు విన్నప్పుడు ఆయన చెయ్యి మాట అయ్యేదాకా కాసుకోనుండదు. ఆరేండ్లు ముందు బల్లలో కూర్చోనుండాను, నాకు తెలీదా. కొలొ అనంగానే పడింది చూడు, అది నిజం దెబ్బ. పదకొండో పేజీ నుంచి మాట అంతా అయి, అక్క ఊపిరి పీల్చినాక పడతా వచ్చింది. అది ఆలోచించి కొట్టే దెబ్బ. అట్లా పడినప్పుడంతా అక్క మొదట చెప్పిందే రాసినాను. రెండోది రాసినట్టు కలం ఆడించినాను, అంతే."

అతను కాగితాలు తిప్పి చూపించాడు. తమిళ అక్షరాలు పట్టమ్మాళ్‌కు బాగానే వచ్చు. కీ అని ఉంది. టూమ్ అని ఉంది. యాట్, ఫ్లెమ్, సటిల్. వాటి పక్కన చిన్న చిన్న నక్షత్రాలు.

"ఏ మాటలు కష్టమైనవో నాకు సరిగా తెలీదక్కా. అదీ వాత్తియారే చూపించినాడు. ఆయన ఏరి కొట్టినవన్నీ పిల్లలు తప్పే మాటలు. వాటికి నచ్చత్రం పెట్టినాను. పరీచ్చకు ముక్యమని అచ్చు వేస్తాం."

తిరుపతిసామి అన్న వైపు తిరిగాడు. మెచ్చుకోలులాంటిదేదో అతని ముఖంలో కదిలిపోయింది. "ముసలోడు సామానిడు కాదు," అన్నాడు.

దామోదరసామి కళ్ళు మూసుకున్నాడు. కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది. పది పేజీలు గుక్క నీళ్ళు లేకుండా ఓర్చుకున్నవాడికి ఆ నీళ్ళు ఎక్కడివో. పట్టమ్మాళ్ ఆ ముఖం చూసి తట్టుకోలేకపోయింది. తట్టుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ కడుపు మండినవాళ్ళకు నోటికి గొళ్ళెం ఉండదు.

"నోటు కాలిస్తే అయిపోయిందా," అంది లేచి నిలబడి. "మొదటి మాట నుంచి కడా మాట దాకా నాకు కంటపాటం. మీ కమిటీ ముందర నిలబడి చెప్తాను. ఏ మాట ఏ స్టేషన్లో దొరికిందో, ఎవురి పెట్టె మోస్తే దొరికిందో, ఒక్కొక్కటీ చెప్తాను. మీ అబ్బాయిని అడగండి, ఒక్క మాటకు పుట్టుక చెప్పమనండి."

ముత్తుసామి మొదటిసారి తండ్రి వైపు బెదురుగా చూశాడు.

తిరుపతిసామి నవ్వాడు. విసనకర్ర బల్ల మీద పెట్టాడు. "అట్లనా. ఆ సంగతి నాకు తోచలేదు. చెప్పి మంచి పని చేసినావు పాపా," అని, వాకిట్లో ఉన్న మనుషుల్ని కేకేశాడు. "అన్నను బండి ఎక్కించండి. ఆరు గంటల రైలుకు కోవిల్‌పట్టి పోతాడు."

మనుషులు మంచం ఎత్తారు. పట్టమ్మాళ్ కొంగు బిగించి వెనకే కదిలింది. సీనియమ్మాళ్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నీళ్ళు పోసిన చేతిది కాదు, రోకలి పట్టిన చేతిది.

"నువ్వు యాడికి," అన్నాడు తిరుపతిసామి. "పుస్తగం అచ్చయి, తంబి ఉద్యోగంలో కూర్చునేదాకా నువ్వు చిన్నమ్మ దగ్గర ఉంటావు. మూడు నెలలో, నాలుగు నెలలో."

"నాయనను ఎవురు చూస్తారు? పక్కకు తిప్పాల, కడగాల, గంటకొకసారి నోరు తడపాల. ఒంటరిగా ఎట్లా పంపిస్తారు?"

మంచం అప్పటికే గుమ్మం దాటింది. దామోదరసామి వెనక్కి తిరిగి చూడలేడు కాబట్టి అతనికి కనబడుతున్నది ఆకాశమే.

"ఎవరో ఒకరు పోస్తార్లే," అన్నాడు తమ్ముడు. "అన్న నోరు తెరిచి అడగలేడు గదా. అడగనోడితో ఎవరికీ ఇబ్బంది ఉండదు."

బయట బండివాడు ఎద్దును అదిలించాడు. సీనియమ్మాళ్ పట్టమ్మాళ్‌ను వెనక గదిలోకి తోసి, బయటినుంచి గొళ్ళెం పెట్టింది.